ఎదురింటావిడ నానుతాడు తెంచుకుపోయారు, ఇక నేను గడప దాటకూడదా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. ప్రభుత్వ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు పోయాక కాకినాడలో సొంత ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. పై పోర్షన్ ఖాళీ అయింది, టులెట్ బోర్డు పెట్టాను. ఈమధ్య తెల్లవారుజామున ఎదురింటావిడ వాకిట్లో ముగ్గు వేస్తుంటే బండి మీద వచ్చిన ఇద్దరు ఆమె మెడలోని నాలుగు కాసుల నానుతాడు తెంచుకుపోయారు. పాపం, కిందపడి మోచెయ్యి విరిగింది. అప్పట్నుంచి నేను వాకింగ్ మానేశాను, గుడికీ వెళ్లడం లేదు. దానికితోడు పోయిన వారం ఎవడో పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి నా ఆధార్ మీద మత్తుమందుల పార్సిల్ వచ్చిందన్నాడు. భయపడి కట్ చేసేశాను. ఇప్పటికీ ఫోన్ మోగితే గుండె దడే. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. కెమెరాలు పెట్టిస్తాను, నువ్వు బయటికి వెళ్లకు, లేదంటే ఇల్లు అమ్మేసి నా దగ్గరికి వచ్చెయ్ అంటున్నాడు. వచ్చే నెల అబ్బాయి, మనవరాలి దగ్గరికి వెళ్లి మూడు వారాలు ఉండాలి. ఇల్లు ఎలా వదిలి వెళ్లాలో తోచడం లేదు. ఈ వయసులో ఒంటరిగా ఉండటం నా తప్పేనా?
– ఒక సోదరి, కాకినాడ

సమాధానం: తప్పు కాదు టీచరుగారూ. వాకింగ్ మళ్లీ మొదలుపెట్టండి, గుడికీ వెళ్లండి. మీ అబ్బాయి భయం సహజమే. అంత దూరంలో ఉన్న కొడుకు, ఎదురింట్లో ఇలా జరిగిందని వింటే నిద్రపోలేడు. కానీ మీరు తలుపేసుకుని కూర్చుంటే ప్రమాదం ఇంకోవైపు నుంచి పెరుగుతుంది. రోజూ నలుగురి కంటా పడే మనిషి ఒకపూట కనబడకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. బయటికే రాని మనిషికి ఇంట్లో ఏమైనా అయితే అడిగేవాళ్లు ఉండరు. బయట తిరగడం మీ రక్షణలో ఒక భాగం, దాన్ని వదులుకోవద్దు.

గొలుసు దొంగ అయినా, తాళం పగలగొట్టేవాడు అయినా, వీడియో కాల్ చేసేవాడు అయినా ముందుగా వెతికేది మీ గురించిన సమాచారం. ఈవిడ ఏ టైముకు బయటికి వస్తుంది, మెడలో ఏం ఉంటుంది, ఇంట్లో ఇంకెవరున్నారు, కొడుకు ఎక్కడుంటాడు, డబ్బు ఏ బ్యాంకులో ఉంది. ఇవి తెలిశాకే చెయ్యి వేస్తాడు. అందుకని నేను చెప్పబోయే అలవాట్లన్నీ దాదాపు ఒక్క పని కోసమే. మీ సంగతులు తెలియకూడని వాళ్లకు తెలియకుండా చూసుకోవడం, తెలియాల్సిన నలుగురికి మాత్రం బాగా తెలిసేలా చేసుకోవడం.

ఎదురింటావిడ విషయమే చూడండి. ముగ్గు వేసే మనిషి నడుం వంచి ఉంటుంది. చూపు చుక్కల మీద ఉంటుంది. గొలుసు జాకెట్టులోంచి జారి ముందుకు వేలాడుతుంది. చేతినిండా ముగ్గుపిండి. బండి చప్పుడు వినబడినా పాలబ్బాయో పేపరబ్బాయో అనుకుంటుంది. పైగా రోజూ అదే వేళ, అదే చోటు. బండివాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? ముగ్గు మానమని నేను చెప్పను. చీకట్లో కాకుండా బాగా వెలుతురు వచ్చాక వేయమనండి. వీధికి వీపు పెట్టకుండా, ముఖం వీధివైపు ఉండేలా కూర్చోవాలి. పక్క గేటు ఆవిడా, ఈ గేటు ఆవిడా ఒకే వేళకు వాకిట్లోకి వచ్చేలా మాట్లాడుకుంటే మరీ మంచిది. మెడలో బంగారం విషయంలో చాలామంది సెంటిమెంటు అడ్డు చెబుతారు. పుస్తెలు తీయక్కర్లేదు. వాటిని పసుపుతాడుకు కట్టుకుని, నానుతాడును పెళ్లిళ్లకూ పేరంటాలకూ దాచుకోవచ్చు. మన అమ్మమ్మల కాలంలో రోజువారీకి చాలా ఇళ్లలో పసుపుతాడే ఉండేది, ఎవరి సౌభాగ్యానికీ లోటు రాలేదు.

గొలుసు లావుగా ఉంటే తెగదు కదా అనుకునేవాళ్లూ ఉన్నారు. తెగని గొలుసే ఎక్కువ ప్రమాదం. బండి వేగానికి మనిషినే ఈడ్చుకుపోతుంది. మెడ తెగడం, తల రోడ్డుకు తగలడం అలాగే జరుగుతాయి. ఒకవేళ ఎవరైనా చెయ్యి వేశారా, వదిలెయ్యండి. పట్టుకుని పెనుగులాడొద్దు. బంగారం మళ్లీ చేయించుకోవచ్చు. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మళ్లీ మామూలుగా నడవడం కష్టమవుతుంది.

మీ వాకింగ్ సంగతికి వస్తాను. రోడ్డుకు కుడివైపున నడవండి. మన దగ్గర బళ్లు ఎడమవైపు పోతాయి కాబట్టి, కుడివైపు నడిస్తే వచ్చే బండి మీకు ఎదురుగా కనబడుతుంది, వెనకనుంచి వచ్చి ఆనుకోదు. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. వెనక బండి వేగం తగ్గితే ఆ తేడా చెవికి తెలియాలి. కొంగు రెండు భుజాల చుట్టూ కప్పుకోండి. వాకింగుకు గొలుసు, గాజులు అసలు వద్దు. రోజూ ఒకే దారి, ఒకే నిమిషం అని నియమం పెట్టుకోకండి. బండి ఆపి అడ్రసు అడిగేవాళ్లు వస్తారు. చీటీ చూపిస్తారు, దగ్గరికొచ్చి చదవమంటారు. రెండు బారల దూరంలో ఉండే చెయ్యి చూపించండి, లేదా నాకు తెలియదు బాబూ అని నడిచిపోండి. ఇది మర్యాద తక్కువ అనిపించవచ్చు. టీచరుగా పనిచేసినవారికి, అడిగినవాళ్లకు చెప్పకపోవడం మరీ కష్టం. అయినా ఈ ఒక్క చోట మొహమాటం పక్కన పెట్టాలి.

ఇంకో రకం ఉంది, ఇది పెద్ద వయసు ఆడవాళ్ల కోసమే తయారుచేసిన మోసం. నీటుగా ప్యాంటు చొక్కా వేసుకున్న ఒకడు వచ్చి, "మేం పోలీసులం అమ్మా, ముందు వీధిలో దొంగలు తిరుగుతున్నారు, నగలు తీసి పేపర్లో చుట్టి బ్యాగులో పెట్టుకోండి" అంటాడు. పక్కనే ఇంకొకడు, తనకీ అదే చెప్పారన్నట్టు ఉంగరం తీసి ఇస్తాడు. మీ గాజులు కూడా తీశాక, వాడే పేపర్లో చుట్టి చేతికిస్తాడు. ఇంటికెళ్లి విప్పితే రాళ్లు. నిజమైన పోలీసు ఎవరూ రోడ్డు మీద మీ నగలు తీయించరు, ముట్టుకోరు. అలా ఎవరైనా అంటే పక్కనే ఉన్న కొట్లోకి అడుగుపెట్టి 112కు ఫోన్ చేయండి. నగలకు మెరుగు పెడతామని వచ్చేవాళ్లదీ ఇదే కోవ. వాళ్లు ముంచే ద్రావణంలో బంగారం కొంత కరిగిపోతుంది. మీ చేతికి వచ్చేది తళతళలాడే తక్కువ తూకం. బ్యాంకు దగ్గర "అమ్మా, మీ డబ్బులు కిందపడ్డాయి", "చీర మీద ఏదో పడింది" అనే గొంతు వినబడితే ముందు బ్యాగును గుండెకు హత్తుకోండి, తర్వాతే తల తిప్పండి. ఏటీఎంలో కార్డు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. ఇచ్చి తీసుకోవాల్సివస్తే తిరిగి వచ్చిన కార్డు మీద మీ పేరే ఉందో లేదో అక్కడే చూసుకోండి, కార్డు మార్చేసే వాళ్లున్నారు.

ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక బస్సుల్లో ఆడవాళ్ల రద్దీ పెరిగింది. బస్సు ఎక్కేటప్పుడు తోసుకునే ఆ కాసేపే బ్యాగు జిప్పులకు ప్రమాదం. బ్యాగును ముందుకు వేసుకుని ఎక్కండి, లేదా తర్వాతి బస్సు ఎక్కండి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ టులెట్ బోర్డు. అద్దెకు ఇల్లు చూస్తామని వచ్చి, మంచినీళ్లు అడిగి, ఒంటరిగా ఉన్న పెద్దావిడ మీద దాడి చేసిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. వచ్చేవాళ్లు తరచూ జంటగా వస్తారు, ఆడమనిషి కూడా ఉంటుంది కాబట్టి మనకు అనుమానం రాదు. బోర్డు మీద మీ నంబరు తీసేసి మీ అబ్బాయి నంబరు రాయించండి. ముందు ఆయనతో మాట్లాడిన వాళ్లే, ఆయన చెప్పిన వేళకే రావాలి. ఆ వేళకు పక్కింటి వాళ్లలో ఎవరినైనా వచ్చి కూర్చోమనండి. పై పోర్షన్‌కు బయటినుంచి మెట్లు ఉంటే తాళంచెవి మీరు ఇవ్వండి, వాళ్లే వెళ్లి చూసుకుని వస్తారు. మీరు వెంట మేడెక్కొద్దు. "ఇంట్లో ఎవరెవరుంటారండీ" అని అడిగితే, "మా తమ్ముడు వాళ్లు వచ్చిపోతుంటారు" అనండి. అద్దెకు దిగేవాళ్ల ఆధార్ కాపీ తీసుకుని స్టేషన్లో వివరాలు ఇవ్వడం మామూలు పద్ధతే, మంచివాళ్లెవరూ దానికి నొచ్చుకోరు.

వరండాకు గ్రిల్ ఉంటే పగలు కూడా దానికి తాళం ఉండాలి. గ్రిల్ అవతలి మనిషితో గ్రిల్ ఇవతలి నుంచే మాట్లాడండి. శుభలేఖ ఇస్తామన్నా, కరెంటు మీటరు అన్నా, కొరియర్ అన్నా అంతే. మీటరు చూడాల్సినవాడికి మీ పడకగదితో పని లేదు. నీళ్లు అడిగితే సీసా గ్రిల్‌లోంచి అందివ్వండి. గ్రిల్ లేకపోతే తలుపుకు సేఫ్టీ చైను, అవతలి మనిషి కనబడేలా చిన్న కన్నం పెట్టించండి. వడ్రంగికి ఒక పూట పని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి సలహాలు చదవగానే చాలామంది పనిమనిషినీ, వాచ్‌మన్‌నూ, కూరగాయల బండివాడినీ అనుమానించడం మొదలుపెడతారు. అది అన్యాయం. అంతేకాదు, మీకే నష్టం. రోజూ మీ ఇంటికి వచ్చే పనమ్మాయికే మీరు తలుపు తీయకపోతే తేడా తెలుస్తుంది. ఆమెకు మీ అబ్బాయి నంబరు ఇచ్చి, తలుపు తీయకపోతే ఫోన్ చేయమని చెప్పండి. బీరువా తెరిచి ఉన్నప్పుడు ఎవరూ లేకుండా చూసుకోవడం ఆమె ఒక్కదాని విషయంలో కాదు, మీ చుట్టాల విషయంలో కూడా పాటించాల్సిన అలవాటే. ఆ బీరువా తాళంచెవి మాత్రం చీరల మడతల్లోనో, బీరువా పైనో, దేవుడి పటం వెనకో పెట్టొద్దు. దొంగలు మొదట వెతికేది అక్కడే. బయటి తాళంచెవి తులసికోట దగ్గరా, మీటరు డబ్బాలోనూ, చెప్పుల స్టాండులోనూ పెట్టడం కూడా అంతే.

ఉదయం మీరు బంధువుల గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజ్ పెడుతూనే ఉంటారు కదా. దాన్నే పనికొచ్చేలా చేసుకోండి. ఏడింటిలోపు మీ మెసేజ్ అబ్బాయికి చేరాలి. చేరకపోతే ఆయన మీకు ఫోన్ చేస్తారు, మీరు ఎత్తకపోతే ఎదురింటికి చేస్తారు. ఎదురింటి వాళ్ల నంబరు ఆయన దగ్గర, ఆయన నంబరు వాళ్ల దగ్గర ఉండాలి. ఇంతకంటే చవకైన కాపలా నాకు తెలియదు. మీ వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే వెళ్లి పరిచయం చేసుకోండి. మీ బీటు కానిస్టేబుల్ నంబరు స్టేషన్లో అడిగితే ఇస్తారు. ఒంటరిగా ఉంటున్నానని చెప్పుకోవాల్సింది వీళ్లకే.

ఇక ఆ వీడియో కాల్. మీరు చేసిన పని సరైనదే. భయపడి కట్ చేశానని చిన్నబుచ్చుకుంటూ రాశారు, ఎందుకండీ? పెద్ద చదువులు చదివినవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లు ఆ కాల్ కట్ చేయలేక రోజుల తరబడి గదిలో కూర్చుని, ఫిక్సెడ్ డిపాజిట్లు రద్దు చేయించి డబ్బు పంపించారు. దీన్నే డిజిటల్ అరెస్ట్ అంటున్నారు. 2024 అక్టోబరు 27న ప్రధాని తన మన్‌ కీ బాత్‌లో కూడా దీని గురించి హెచ్చరించారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదు. సీబీఐ గానీ, కస్టమ్స్ గానీ, ముంబై పోలీసు గానీ వాట్సాప్ వీడియోలో విచారణ చేయరు, డబ్బు పరిశీలన కోసం ఏ ఖాతాకూ పంపమనరు. ఇంకో సంగతి మీకు ధైర్యం ఇస్తుంది. ఏదైనా కేసులో సాక్షిగా విచారించాల్సి వచ్చినా, పోలీసులు ఆడవాళ్లనూ, 60 ఏళ్లు దాటిన వాళ్లనూ స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు, వాళ్లే మీ ఇంటికి రావాలి. పోలీసు విచారణ, అరెస్టు పద్ధతులు చెప్పే చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అందులో 179వ సెక్షన్ అదే చెబుతుంది. మామూలు పరిస్థితుల్లో సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదని 43వ సెక్షన్. మీరు బడిలో పిల్లలకు పాఠం చెప్పినట్టు ఇవి మీ వీధిలో నలుగురికీ చెప్పండి.

ఆ మోసగాళ్లు తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఇది రహస్యం, మీ కొడుక్కి కూడా చెప్పొద్దు." ఆ మాట వినబడిన క్షణమే ఫోన్ పెట్టేసి కొడుక్కి చెప్పండి. పింఛనుదారులకు ఇంకో బెడద ఉంది. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుల్లో "ట్రెజరీ నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెబితే ఇక్కడే అప్‌డేట్ చేస్తాం" అని కాల్స్ వస్తాయి. మీ పీపీఓ (పింఛను ఉత్తర్వు) నంబరు, రిటైరైన తేదీ కూడా చెబుతారు. అవి తెలిసినంత మాత్రాన ట్రెజరీవాళ్లు అయిపోరు. ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి పిలుపు అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) నొక్కొద్దు. నొక్కితే ఫోన్ వాళ్ల చేతిలోకి పోతుంది. మీ అబ్బాయి వచ్చినప్పుడు ఒక ఏర్పాటు చేయించుకోండి. పింఛను పడే ఖాతా వేరు, ఫోన్‌పే, గూగుల్‌పే వాడే ఖాతా వేరు. రెండోదాంట్లో నెల ఖర్చుకు సరిపడా కొద్ది మొత్తమే ఉంచండి. ఎప్పుడైనా డబ్బు పోతే సిగ్గుపడి ఒక రాత్రి ఆలోచించొద్దు. వెంటనే 1930కు ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది, మొదటి గంటల్లో చెబితేనే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది.

ఎదురింటావిడకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇలా లాక్కుపోవడాన్ని 304వ సెక్షన్ కింద ప్రత్యేక నేరంగా పెట్టారు, మూడేళ్ల దాకా జైలు. ఆమెకు ఎముక విరిగింది కాబట్టి ఇది దోపిడీ కింద, అంటే 309వ సెక్షన్ దాకా వెళ్లొచ్చు. శిక్ష ఇంకా పెద్దది. అందుకే ఫిర్యాదులో గొలుసు పోయిందని ఊరుకోకుండా ఎలా లాగారు, ఎలా పడ్డారు, ఏం విరిగింది అన్నీ రాయాలి, ఆసుపత్రి కాగితాలు జతచేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇది మా పరిధి కాదు అని తిప్పి పంపకూడదు, ఎక్కడైనా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి. స్టేషన్లో తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. రికవరీ అయినప్పుడు ఇది నాదే అని చూపించడానికి పాత ఫోటో కావాలి. కాబట్టి మీ నగలకు ఇప్పుడే ఫోటోలు తీసి, కాసులు, గ్రాములు రాసి, బిల్లులతో పాటు అబ్బాయికి పంపండి. 2023 ఏప్రిల్ 1 తర్వాత కొన్న హాల్‌మార్క్ నగల మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉంటుంది, అది కూడా రాసుకోండి.

మూడు వారాలు ఇల్లు వదిలే ముందు నగలు బ్యాంకు లాకర్లో పెట్టండి. లాకర్లో పెట్టామని పూర్తి నిశ్చింత అనుకోవద్దు. దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే అని రిజర్వు బ్యాంకు నిబంధన. అద్దె 2,000 అయితే 2 లక్షలు. ఇంట్లో బీరువా కంటే అదే నయం. స్టేషన్‌కు వెళ్లి ఊరెళ్తున్న తేదీలు రాసి ఇవ్వండి, రాత్రి బీటువాళ్లు ఒక కన్నేసి ఉంచుతారు. ఆంధ్రాలో ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. తాళం వేసిన ఇంట్లో పోలీసులే ఉచితంగా కెమెరా బిగిస్తారు, లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూమ్‌కు తెలుస్తుంది. మీ స్టేషన్లో అది నడుస్తోందేమో అడగండి.

తాళం వేసిన ఇల్లు అని బయటికి తెలియకూడదు. గేటుకు వేలాడే తాళం దూరం నుంచే కనబడుతుంది, లోపలివైపు నుంచి వేసుకునే ఏర్పాటు చేయించండి. పేపరు, పాలు ఆపించండి. రోజూ ముగ్గు ఉండే వాకిలి నాలుగు రోజులు బోసిగా ఉంటే అదొక్కటే చాలు ఇల్లు ఖాళీ అని చెప్పడానికి. పనమ్మాయికి ఆ మూడు వారాల జీతం మామూలుగా ఇచ్చి, వాకిలి ఊడ్చి ముగ్గు వేయమనండి, సాయంత్రం వరండా లైటు వేసి పొద్దున్నే ఆపమనండి. మనవరాలితో దిగిన ఫోటోలు స్టేటస్‌లో పెట్టాలని ఉంటుంది. తిరిగొచ్చాక పెట్టుకోండి. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్నారేమో, రాత్రి కిటికీ షట్టర్ దించుకోండి. బండి నెమ్మదించినప్పుడు కిటికీలోంచి గొలుసులు లాగేవాళ్లున్నారు. రైల్లో ఏమైనా జరిగితే 139.

కెమెరాలు వద్దని నేను అనను. మీ అబ్బాయికి ఇష్టమైతే పెట్టించమనండి. కాకపోతే ఒకటి గేటు దగ్గర మనిషి ముఖం కనబడే ఎత్తులో ఉండాలి. మేడ మీద నుంచి చూసేదానికి టోపీలు, తలలే కనబడతాయి. రికార్డయ్యే డబ్బాను హాల్లో టీవీ పక్కన పెడితే దొంగలు దాన్నీ పట్టుకుపోతారు, కనబడని చోట పెట్టించాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి. ఇల్లు అమ్మడం గురించి, మీకు మెట్లు ఎక్కడం కష్టమైనప్పుడో, మనవరాలి దగ్గర ఉండాలనిపించినప్పుడో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. బండి మీద వచ్చిన ఇద్దరు పోకిరీల వల్ల ఆ నిర్ణయం జరగకూడదని మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి.